ఆటలో దవడకు దెబ్బ తగిలితే: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు గారి సమాధానాలు

సంక్రాంతి పోటీలు, పాఠశాలల క్రీడోత్సవాలు ముగిసిన ఈ రోజుల్లో మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ముఖానికి, దవడకు, పళ్ళకు తగిలిన దెబ్బల గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి నోరు, దవడ, ముఖ శస్త్రచికిత్స నిపుణులు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నారు. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. పండగ కబడ్డీ పోటీల్లో మా తమ్ముడు కూతకు వెళ్ళినప్పుడు అవతలి జట్టు కుర్రాడి మోకాలు అతని గడ్డానికి బలంగా తగిలింది. నెత్తురు పెద్దగా రాలేదు, వాపు కూడా త్వరగానే తగ్గుముఖం పట్టింది. కానీ పళ్ళు మునుపటిలా కలవడం లేదని, కింది పెదవి ఒక పక్క మొద్దుబారిందని అంటున్నాడు. వాపు పూర్తిగా తీస్తే అంతా సర్దుకుంటుందని ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతున్నారు. కొన్నాళ్ళు ఆగి చూడవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: ఆగవద్దు. ఆలస్యం చేయదగిన విషయం కాదు కనుక మీకు ఫోనులో ముందే చెప్పాం. కారణాలు మిగతా పాఠకులకు కూడా తెలియాలని ఇక్కడ వివరిస్తున్నాను.

ముఖానికి దెబ్బ తగిలినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళ చూపు నెత్తురు మీద, వాపు మీద ఉంటుంది. దవడ విషయంలో ఆ రెండూ నమ్మదగిన ఆనవాళ్ళు కావు. పెదవి కాస్త చిట్లితేనే చొక్కా తడిసేంత నెత్తురు కారవచ్చు. దవడ ఎముక రెండు చోట్ల విరిగినా బయటికి ఒక్క చుక్క రాకపోవచ్చు. నమ్మవలసింది పళ్ళ పొందికను. పళ్ళ మధ్య తలవెంట్రుక చిక్కుకున్నా పసిగట్టగల సున్నితత్వం మన నోటికి ఉంది. అందుచేత దెబ్బ తిన్న మనిషి తన పళ్ళు మునుపటిలా కలవడం లేదని చెబితే, పరీక్షల్లో ఏమీ లేదని తేలేవరకు దవడ విరిగిందనే అనుకుని నడుచుకోవాలి.

రెండో ఆనవాలు మీరు రాసిన ఆ మొద్దుబారడమే. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ తెలిపే నరం దవడ ఎముక లోపలి సన్నని గొట్టం గుండా వచ్చి, కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపళ్ళ వేళ్ళ దగ్గర బయటికి వస్తుంది. ఆ దారిలో ఎక్కడ ఎముక విరిగినా నరం నలిగి, పెదవి ఆ పక్క మొద్దుబారుతుంది. ఇంకొక ఆనవాలును ఇంట్లోనే చూడవచ్చు. మంచి వెలుతురులో నోరు తెరిపించి నాలుకను పైకి ఎత్తమనండి. నాలుక కింద నేల భాగం నల్లగా కమిలి కనిపిస్తే ఎముక విరిగిందనే బలంగా అనుమానించాలి. పక్కపక్కనున్న రెండు పళ్ళ మధ్య కొత్తగా మెట్టులా ఎత్తుపల్లం ఏర్పడినా అర్థం అదే.

చేతి గాజును నొక్కితే ఒకచోట కాకుండా రెండు చోట్ల విరిగినట్టే, వంపు తిరిగిన కింది దవడ కూడా తరచుగా రెండు చోట్ల విరుగుతుంది: దెబ్బ తగిలిన వైపు గడ్డం దగ్గర ఒకటి, ఎదుటి వైపు చెవి ముందున్న కీలు దగ్గరో దవడ మూలలోనో మరొకటి. పూర్తిగా బయటికి రాని జ్ఞానదంతం ఉన్నవాళ్ళలో ఆ మూల మరింత బలహీనంగా ఉంటుంది. అందువల్ల ఒక విరుపు కనిపించగానే ఎక్స్‌రే చూడటం ఆపేయకూడదు. దవడ మొత్తం ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రేతో మొదలుపెట్టి, అవసరమైతే సీటీ స్కాన్ చేయించాలి. పళ్ళున్న భాగంలో ఎముక విరిగితే చిగురు కూడా చీలి, నోటిలోని సూక్ష్మక్రిములు నేరుగా ఎముకను చేరే వీలుంటుంది. వాపు తగ్గిందని ఊరుకున్నవారిలో కొందరు రెండు వారాల తర్వాత చీముతో, జ్వరంతో రావడానికి కారణం ఇదే.

చికిత్సకు భయపడనక్కర్లేదు. చాలా సందర్భాల్లో నోటి లోపలి నుంచే ఎముకను సరిచేసి, సన్నని టైటానియం పలకలను మరలతో బిగిస్తాం. బయట మచ్చ పడదు. కొన్ని రకాల విరుపులకు పై పళ్ళను, కింది పళ్ళను తీగలతో కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు కట్టి ఉంచడం సరిపోతుంది. అలా కట్టినప్పుడు వాంతి వస్తే ఊపిరి ఆడక ప్రమాదం కలగవచ్చు కాబట్టి, తీగలు కత్తిరించే పనిముట్టు ఎప్పుడూ రోగి దగ్గరే ఉండాలి, దాన్ని ఎలా వాడాలో ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి. రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ, మెత్తగా చేసి పలచన చేసిన అన్నం వంటివి ఆ రోజుల్లో బలాన్ని నిలబెడతాయి.

ఇటువంటి సందర్భాల్లో కుర్రాళ్ళు అనిల్ కుంబ్లే పేరు చెబుతారు. 2002లో ఆంటిగ్వా టెస్టులో వెస్టిండీస్ బౌలర్ మెర్విన్ డిల్లన్ వేసిన బంతికి ఆయన దవడ విరిగింది. తల చుట్టూ కట్టుతో మైదానంలోకి వచ్చి 14 ఓవర్లు వేసి, బ్రయాన్ లారాను అవుట్ చేశారు. ఆ పట్టుదలను నేనూ మనసారా గౌరవిస్తాను. అయితే, శస్త్రచికిత్స కోసం బెంగళూరు వెళ్ళాలని అప్పటికే నిర్ణయమైపోయింది. పైగా బంతి వేసే మనిషి మీదికి ఎవరి మోకాలూ దూసుకురాదు. కబడ్డీ పట్టులో పరిస్థితి వేరు. మీ తమ్ముడు ఎముక అతికిన తర్వాత పరుగు, వ్యాయామం మొదలుపెట్టవచ్చు కానీ, ఒంటికి ఒళ్ళు తగిలే ఆటకు సుమారు మూడు నెలలు దూరంగా ఉండి, శస్త్రచికిత్స చేసిన డాక్టరు అనుమతి ఇచ్చాకే మళ్ళీ కూతకు వెళ్ళాలి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. కొన్ని నెలల క్రితం స్కేటింగ్ చేస్తూ బోర్లా పడితే గడ్డం చిట్లింది. దగ్గరలోని ఆసుపత్రిలో కుట్లు వేశారు, గాయం చక్కగా మానింది. ఈ మధ్య ఇడ్లీ ముక్క కూడా చిన్నది చేసి పెట్టమంటోంది. నోరు పెద్దగా తెరవలేకపోతోంది. గడ్డం కొంచెం ఎడమకు తిరిగినట్టు అనిపిస్తోంది. పాత దెబ్బకూ దీనికీ సంబంధం ఉంటుందా అండీ?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఉండే అవకాశం చాలా ఉందమ్మా. ఈ నెల ఉత్తరాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది మీదే.

పిల్లలు గడ్డం మీద పడినప్పుడు దెబ్బ గడ్డం దగ్గర ఆగదు. ఆ శక్తి దవడ వెంట వెనక్కి పోయి, రెండు చెవుల ముందున్న కీళ్ళలో తేలుతుంది. పదేళ్ళలోపు పిల్లల్లో కీలు తల భాగం మెత్తగా, నెత్తుటి సరఫరా ఎక్కువగా ఉంటుంది కనుక అది విరగడమే కాక నలిగిపోయి, కీలు లోపల నెత్తురు చేరుతుంది. పిల్ల నొప్పికి నోరు కదపకుండా ఉంటే ఆ నెత్తురు గడ్డకట్టి, క్రమంగా ఎముకగా మారి, దవడను పుర్రెకు అతికించేస్తుంది. కుట్లు వేసినవారి చూపు గడ్డం దగ్గరే ఆగిపోవడం వల్ల, ఇంటివాళ్ళు గాయం మానిందని సంతోషించడం వల్ల, ఈ మార్పు నెలల తరబడి ఎవరికీ తెలియకుండా సాగుతుంది. దవడ పెరుగుదలలో కీలుకు పెద్ద పాత్ర ఉంది కాబట్టి దెబ్బతిన్న పక్క దవడ వెనకబడి, గడ్డం ఆ వైపుకే తిరుగుతుంది. రెండు కీళ్ళూ బిగుసుకుంటే గడ్డం లోపలికి పోయి, నిద్రలో గురక, ఊపిరి ఇబ్బంది మొదలవుతాయి.

మీ అమ్మాయిని తన చేతి వేళ్ళే మూడు నిలువుగా చేర్చి ముందు పళ్ళ మధ్య పెట్టుకోమనండి. మీ వేళ్ళు కాదు, తన వేళ్ళు. మూడూ పట్టకపోతే, లేదా తెరిచేటప్పుడు గడ్డం పక్కకు జారిపోతే, ఈ వారంలోనే దవడ శస్త్రచికిత్స నిపుణులకు చూపించి, రెండు కీళ్ళకూ సీటీ స్కాన్ చేయించండి. ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోకపోతే క్రమబద్ధమైన నోటి వ్యాయామాలతో చాలావరకు మెరుగుపడవచ్చు. అతుక్కుపోయి ఉంటే శస్త్రచికిత్సతో విడదీయాలి, ఆ తర్వాత కూడా నెలల తరబడి రోజూ వ్యాయామం చేయించాలి. ఈ చివరి భాగంలో తల్లిదండ్రులు అలసిపోతారు, పిల్ల ఏడుస్తుంది. అయినా మానకూడదు, మానితే కీలు మళ్ళీ బిగుసుకుంటుంది.

గడ్డం మీద కుట్లు పడిన పిల్లలున్న తల్లిదండ్రులందరికీ నా మనవి ఇది: కుట్లు వేసిన రోజే కీళ్ళను పరీక్షించమని అడగండి. పిల్లల్లో ఈ విరుపుకు చాలాసార్లు శస్త్రచికిత్సే అక్కర్లేదు. కొద్ది రోజులు మెత్తని ఆహారం పెట్టి, డాక్టరు చెప్పినప్పటి నుంచి నోరు కదిలించడం మొదలుపెడితే కీలు మామూలుగానే పెరుగుతుంది.

ప్రశ్న: నేను వ్యాయామోపాధ్యాయుడిని. ఆటలో పిల్లవాడి పన్ను ఊడి కిందపడితే మైదానంలో మేము ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

జవాబు: ముందుగా ఆ పన్ను పాలపన్నా, శాశ్వత దంతమా అన్నది చూడండి. పాలపన్నును తిరిగి పెట్టకూడదు. కింద ఎదుగుతున్న శాశ్వత దంతానికి హాని కలుగుతుంది. సాధారణంగా ఆరేడేళ్ళ వయసులో ముందు పళ్ళు మారడం మొదలవుతుంది కనుక, ఉన్నత పాఠశాల పిల్లల ముందు పన్ను ఊడితే అది శాశ్వత దంతమే.

శాశ్వత దంతమైతే ప్రతి నిమిషానికీ విలువ ఉంది. నోటిలో కనిపించే తెల్లని భాగాన్ని మాత్రమే పట్టుకుని తీయండి. వేరు మీద కంటికి కనిపించని జీవకణాల పొర ఉంటుంది. పన్ను తిరిగి అతుక్కునేది ఆ పొరతోనే. వేరును వేలితో రుద్దినా, గుడ్డతో తుడిచినా, సబ్బుతో కడిగినా అది పోతుంది. మట్టి అంటితే పాలతో గాని సెలైన్‌తో గాని, అవి లేకపోతే ధారగా పడే మంచినీటితో గాని కొన్ని క్షణాలు కడిగి, పక్క పన్ను వరుసను చూసుకుంటూ ముందు వెనకలు తారుమారు కాకుండా అదే గుంటలో మెల్లగా నిలబెట్టండి. పిల్లవాడు శుభ్రమైన రుమాలును కొరికి పట్టుకుంటే పన్ను కదలదు. ధైర్యం చాలకపోతే పన్నును చల్లని పాలలో వేసి దంతవైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. ప్రతి ఊళ్ళోనూ పాల ప్యాకెట్ దొరుకుతుంది. కాగితంలో చుట్టడం, జేబులో వేసుకోవడం, నీళ్ళ గ్లాసులో ఉంచడం తప్పు.

అరగంటలోపు పన్ను గుంటలోకి చేరితే ఫలితం బాగుంటుంది. బయట పొడిగా గంట దాటితే ఆ కణాలు దాదాపు చనిపోతాయి. అప్పుడైనా తీసుకురండి, పెరిగే వయసులో ఆ చోట ఎముక నిలబడటానికైనా అది పనికివస్తుంది. తర్వాత పన్నును పక్క పళ్ళకు సుమారు రెండు వారాలు కట్టి ఉంచుతాం, చాలామందికి ఆలోగానే వేరు చికిత్స మొదలుపెడతాం. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి మరిచిపోవద్దు.

పన్ను ఎంత వెతికినా దొరకకపోతే, ముఖ్యంగా పిల్లవాడు స్పృహ తప్పి ఉన్నా, దగ్గుతున్నా, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఈ సంగతి చాలామందికి తట్టదు. అలాగే గాయం మీద పసుపు, కాఫీపొడి అద్దకండి. మైదానపు మట్టి రేణువులు చర్మంలో మిగిలితే నల్లటి మచ్చ జీవితాంతం ఉంటుంది కాబట్టి, వాటిని కడిగి తీయడమే మొదటి పని. పైన పొడి చల్లితే ఆ పని మరింత కష్టమవుతుంది.

ప్రశ్న: మా వీధి కుర్రాళ్ళు కార్క్ బంతితో టోర్నమెంట్లు ఆడుతున్నారు. బ్యాటింగ్ చేసేవాళ్ళలోనే కొందరు హెల్మెట్ పెట్టుకోరు. పెట్టుకున్నా ముఖానికి దెబ్బలు తగులుతూనే ఉన్నాయి కదా అని వాదిస్తున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: హెల్మెట్ లేకపోతే కార్క్ బంతి వద్దని చెప్పండి. టెన్నిస్ బంతితో ఆడినా అది క్రికెట్టే.

హెల్మెట్ ఉన్నా దెబ్బ తగలడం నిజమే, దానికి కారణమూ తెలిసినదే. 2014లో ఇంగ్లండ్ వికెట్ కీపర్ క్రెయిగ్ కీస్వెటర్ బ్యాటింగ్ చేస్తుండగా బంతి హెల్మెట్ పైఅంచుకూ ముందరి ఇనుప జాలీకీ మధ్య నుంచి దూరి ముక్కును, కంటిగూడును విరగ్గొట్టింది. మళ్ళీ ఆడటానికి ప్రయత్నించినా చూపు మునుపటిలా లేక 2015లో ఆట విడిచిపెట్టాడు. ఆ సందులోంచి బంతి దూరుతుందా లేదా అని పరీక్షించే నిబంధన 2013 నాటి బ్రిటిష్ ప్రమాణంలో చేరింది. కొనేటప్పుడు ఆ ప్రమాణపు ముద్ర ఉన్నదే తీసుకోండి. బంతి బాగా కనిపించాలని జాలీని కిందికి వంచడం, మరలు వదులు చేయడం మన మైదానాల్లో మామూలైపోయింది. అలా చేసిన హెల్మెట్ ముఖాన్ని కాపాడదు. అన్నయ్య హెల్మెట్ తమ్ముడికి సరిపోదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలి పగిలిన హెల్మెట్‌ను మళ్ళీ వాడకూడదు.

బ్యాటర్ ఒక్కడికే హెల్మెట్ చాలదు. 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా బ్యాటర్‌కు అతి దగ్గరగా ఫీల్డింగ్ చేస్తూ భారత మాజీ క్రికెటర్ రమణ్ లాంబా తలకు దెబ్బ తగిలి మరణించారు. 2012లో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో స్టంప్స్ దగ్గర నిలబడి కీపింగ్ చేస్తుండగా ఎగిరిన బెయిల్ కంటికి తగిలి దక్షిణాఫ్రికా వికెట్ కీపర్ మార్క్ బౌచర్ అంతర్జాతీయ జీవితం ముగిసింది. బంతి బరువు సుమారు 160 గ్రాములే అయినా, దగ్గరి నుంచి వచ్చినప్పుడు తప్పుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

దవడకు తగిలిన దెబ్బ మెదడును కూడా కుదుపుతుంది. క్షణం సేపు స్పృహ తప్పినా, స్కోరు ఎంతో చెప్పలేకపోయినా, వాంతి అయినా, ఆ కుర్రాణ్ణి ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకండి. అంతర్జాతీయ క్రికెట్‌లోనే 2019 నుంచి అలాంటి ఆటగాడి బదులు మరొకరిని దింపే వీలు కల్పించారు. వీధి పోటీలోనూ ఆ నియమం పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఫుట్‌బాల్ ఆడుతుంటే మా అబ్బాయికి కంటి కింద మోచేయి తగిలింది. కన్ను ఎర్రబడలేదు, కమలలేదు. కానీ పైకి చూడమంటే రెండు బొమ్మలు కనిపిస్తున్నాయంటాడు, వాంతి చేసుకుంటున్నాడు. వయసు పదమూడు. ఇలా ఎందుకు జరుగుతుంది?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: అబ్బాయిని ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళారని మీ ఉత్తరం చివర చదివి ఊరట చెందాను. పిల్లల్లో కంటిగూడు అడుగు భాగపు పలుచని ఎముక పెద్దవాళ్ళలో లాగా ముక్కలు కాదు. వంగి, తెరుచుకుని, వెంటనే మూసుకుంటుంది. ఆ క్షణంలో కంటిని కదిపే కండరం ఆ చీలికలో చిక్కుకుంటుంది. పైకి చూడబోతే కండరం లాగి, వాంతి వస్తుంది, నాడి నెమ్మదిస్తుంది. కన్ను తెల్లగానే ఉండటంతో ఇంటివాళ్ళు ఏమీ కాలేదనుకుంటారు. వాంతులు చూసి కొన్నిచోట్ల తల దెబ్బగా భావించి పరిశీలనలో ఉంచుతారు. చిక్కుకున్న కండరాన్ని ఒకటి రెండు రోజుల్లోనే విడిపించాలి, లేకపోతే అది శాశ్వతంగా దెబ్బతినవచ్చు. తల కదపకుండా, పైకి లేపే పెన్నును కళ్ళతో అనుసరించమంటే ఈ తేడా అక్కడే బయటపడుతుంది.

పెద్దవాళ్ళలో చెంప ఎముక లోపలికి దిగితే వాపు దాన్ని కప్పేస్తుంది. మనిషిని కూర్చోబెట్టి, వెనక నిలబడి, నడినెత్తి మీది నుంచి రెండు చెంపలనూ పోల్చి చూస్తే పల్లం తెలుస్తుంది. చెంప, పై పెదవి మొద్దుబారి ఉంటే ముక్కు చీదవద్దు. గాలి కంటి చుట్టూ చర్మం కిందికి చేరుతుంది.

ప్రశ్న: ముక్కుకు బాస్కెట్‌బాల్ తగిలి నెత్తురు వస్తే తల వెనక్కి వాల్చమంటారు. సరైనదేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని రెండు వేళ్ళతో పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. నెత్తురు ఆగాక ముక్కు రెండు వైపులా మూసుకుపోయి, లోపల మధ్య గోడ ఉబ్బి, మెత్తగా ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి. అక్కడ నిలిచిన నెత్తురు తీయకపోతే మృదులాస్థి కరిగి ముక్కు కుంగిపోతుంది. నీళ్ళలాంటి ద్రవం కారుతూ ఉంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: నేను బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. పళ్ళకు క్లిప్పులు ఉన్నాయి. తలకు హెడ్‌గార్డ్ పెట్టుకుంటే మౌత్‌గార్డ్ లేకపోయినా పరవాలేదా?
– ఒక విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: పరవాలేదనుకోవద్దమ్మా. మీ ఊరి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేతగా నిలిచిన తర్వాత ఎందరో ఆడపిల్లలు గ్లవ్స్ తొడుగుతున్నారు; వారందరికీ ఈ సంగతి తెలియాలి. హెడ్‌గార్డ్ నుదుటిని, కనుబొమలను, చెవులను చీలకుండా కాపాడుతుంది. నేరుగా గడ్డానికి వచ్చే పిడిగుద్దును అది ఆపలేదు. అగ్రశ్రేణి పురుషుల అమెచ్యూర్ పోటీల్లో 2013లో హెడ్‌గార్డ్‌ను తొలగించారు కానీ, మౌత్‌గార్డ్‌ను తీసేయాలని ఎవరూ అనలేదు.

మౌత్‌గార్డ్ పై పళ్ళకు, కింది పళ్ళకు మధ్య మెత్తగా నిలిచి దెబ్బను పంచుతుంది, పెదవులు పళ్ళ అంచులకు తగిలి చీలకుండా చూస్తుంది. మెదడు కుదుపును కూడా నివారిస్తుందని ప్రకటనల్లో రాస్తుంటారు. అది రుజువైన సంగతి కాదు కనుక ఆ నమ్మకంతో దెబ్బలకు ఎదురు వెళ్ళకండి. దుకాణంలో దొరికే వాటిలో ఒకటి పెట్టెలోంచి తీసి అలాగే వాడేది, అది వదులుగా ఉండి ఊపిరికే అడ్డు వస్తుంది, దాన్ని నేను సిఫారసు చేయను. వేడినీటిలో ముంచి కొరికి ఆకారం తెచ్చుకునేది కొంత మేలు. పళ్ళ అచ్చు తీసుకుని దంతవైద్యుడు చేసి ఇచ్చేది అన్నిటికన్నా మంచిది. అది నోరు తెరిచినా జారిపోదు, మాటకూ ఊపిరికీ అడ్డు రాదు.

మీకు క్లిప్పులున్నాయి కాబట్టి వేడినీటి రకాన్ని మామూలుగా కొరికి బిగించుకోవద్దు. పళ్ళు జరిగే దారి మూసుకుపోతుంది, తీసేటప్పుడు క్లిప్పులు ఊడి వస్తాయి. క్లిప్పుల మీద మైనం కప్పి అచ్చు తీసి, పళ్ళు జరగడానికి కాస్త ఖాళీ వదిలి చేసే గార్డు కావాలని మీ దంతవైద్యుడిని అడగండి. కింది పళ్ళకు కూడా క్లిప్పులుంటే వాటి సంగతీ చెప్పండి. పళ్ళు నెలనెలా జరుగుతుంటాయి కనుక, క్లిప్పులు బిగించుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ గార్డును వెంట తీసుకెళ్ళి సరిపోతోందో లేదో చూపించుకోండి. వాడిన తర్వాత చల్లని నీటితో కడిగి, గాలి ఆడే డబ్బాలో ఉంచండి. ఎండలోనో స్కూటర్ డిక్కీలోనో వదిలేస్తే వేడికి ఆకారం మారిపోతుంది.